పెన్సిల్ గడి

తాళాలు పదకొండు.
లోపల నూటా నలభై ముగ్గురు.
టార్చి లైట్లు రెండు, ఒకదానికి బ్యాటరీ లేదు.
రాత్రి పదింటికి
నేను సంతకం పెట్టి తీసుకునేది ఇదీ.

చిత్తూరు జైలు గోడ అవతల
గుజ్జు ఫ్యాక్టరీకి పోయే మామిడికాయల లారీలు
వేసవంతా తీపి వాసన ఈడ్చుకుంటా పోతాయి.
ఆ వాసనకి గేటు పాసు అక్కర్లేదు.
పొద్దున ఇంటికి పోతే దేశమ్మ
నా చొక్కా మూచూసి అంటుంది:
"ఫినాయిలు. మామిడి. ఇంకా ఏందో ఉండాది."
ఆ ఇంకేందో
పదహారేళ్ళుగా నేను చెప్పలా, ఆమె అడగలా.

మూడో బ్లాకులో కుప్పన్.
జవ్వాదు కొండల పిల్లోడు,
ఎర్రచందనం దుంగ మోసినందుకు వచ్చినాడు.
మోసిన కూలి ఇంకా రాలేదంట.
వాడికి తెలుగు రాదు,
నాకు మా అమ్మ వైపు అరవం వచ్చు.
ఒక ఆదివారం తెల్లారుజామున
వాడి తుండుగుడ్డ కిటికీ కమ్మీకి కనబడింది.
పరిగెత్తి కాళ్ళు పట్టుకున్నా.
ఒక మనిషి ఎంత బరువుంటాడో
ఇప్పుడు నా భుజానికి తెలుసు.
బతికినాడు.
రిపోర్టు మూడు కాపీలు రాసినా.
తుండుగుడ్డ కవర్లో పెట్టి సీలు వేసినా.
కట్టమంచి దగ్గర టీ తాగి
పిల్లోళ్ళకి ఇడ్లీ కట్టించుకొని ఇంటికి పోయినా.
నువ్వెట్లుండావని ఎవరూ అడగలా.
అడిగింటే మాత్రం ఏం చెప్పుదును?
నీళ్ళ చెంబు ఎత్తినా
చేతులు వాడి కాళ్ళు ఎత్తినట్టే ఎత్తినాయి.

మంగళవారం హెడ్ వార్డరు చెంగల్రాయులు
షిఫ్టు అప్పజెప్తా తాళాలు బల్ల మీద పోసినాడు.
పదకొండు. లెక్క సరే.
అయినా పోలా. నిలబడినాడు.
"నిద్ర పట్టిందా?"
నవ్వొచ్చింది.
ఖైదీని అడుగుతాం ఆ మాట, డాక్టరు అడగమంటే.
"గంటన్నర" అన్నా.
ఆయప్ప జేబులోంచి పెన్సిలు తీసి
రిజిస్టర్లో నా సంతకం పక్కన
వంకరగా ఒక గీత గీసినాడు.
ఆ గడిలో 1½ అని రాసినాడు.
కింద తనది, 4.
గొడుగు తీసుకొని వెళ్ళిపోయినాడు.

తర్వాత అందరం రాసినాం.
ఆడ వార్డరు సుగుణమ్మ 3 వేసి
పక్కన 'మామగారి గురక' అని రాసింది.
కొత్తగా చేరిన యుగంధరు, ఎమ్మెస్సీ చదివినోడు,
వారమంతా 8 వేసినాడు.
అబద్ధమని అందరికీ తెలుసు.
పదో రోజు 2.
ఆ రాత్రి వాడి టవర్ డ్యూటీకి
అడక్కుండానే ఇంకొకరు ఎక్కినారు.

కుప్పన్ రాత్రిళ్ళు కమ్మీల దగ్గర కూర్చుంటాడు.
కొండ మీద సామలు ఎప్పుడు కోస్తారో చెప్తాడు.
నేను అక్షరాలు చెప్తా.
'ఇ' దగ్గర వాడికి నవ్వు,
తోక చుట్టుకొని పడుకున్న పిల్లి మాదిరి ఉండాదంట.
ఆ నవ్వుకి జీతం బిల్లులో పద్దు లేదు.
మా నాయన తోతాపురి తోటకి కాపలా మనిషి.
నాకు ఉద్యోగమొచ్చిన రోజు ఒకటే అన్నాడు:
"కాపలా దొంగ కోసం కాదు అబ్బోడా,
కాయ పండేదాకా చెట్టున ఉండాలని."
అప్పుడు వినలా.

జూన్‌లో ఆడిట్ వచ్చింది.
"ఈ గడి ఏమిటి? ఏ జీవో ప్రకారం?"
చెంగల్రాయులు రబ్బరు తెచ్చి
నలభై రోజుల నిద్ర చెరిపి
పొట్టు ఊదేసినాడు.
కాగితం అక్కడ పలచబడింది,
వెలుతురుకి పెడితే అవతల పేజీ కనబడతాది.
సూపరింటెండెంటు మేడమ్ చూస్తా నిలబడింది, ఏమీ అనలా.
వాళ్ళ జీపు గేటు దాటినాక
ఎవరి మొగమూ చూడకుండా
"నాది మూడు" అనింది.

ఇప్పుడు రాయం.
పది గంటలకి బల్ల దగ్గర
నోటితోనే అప్పజెప్పుకుంటాం.
తాళాలు పదకొండు.
లోపల నూటా నలభై ఒకరు.
టార్చికి బ్యాటరీ వచ్చింది.
నాది అయిదు.
నీది?